తొమ్మిది గంటలకి లేచిన విమానం

రాయగడ,
6-9-1961

అనంతానికి, అక్క దీవించి రాస్తున్నది.

మీ బావ నిన్న పొద్దుగూకే వేళకి ఇల్లు చేరేరు. కోరాపుట్‌లో మీ ఇంట అన్నం తిని బస్సెక్కిన మనిషి, సాలూరు ఘాటీ దిగేసరికి మలుపు మలుపుకీ వాంతి చేసుకున్నారట. సాలూరులో ఒక రైలు, బొబ్బిలిలో ఇంకో రైలు. రెండోరోజు సాయంత్రానికి ఇక్కడ. ఫారెస్టాఫీసు హెడ్‌గుమస్తా అని పేరేగానీ, ఆ ఫైళ్ళు మోసుకుని జిల్లా ఆఫీసుకి రావడానికీ పోవడానికీ నెలలో నాలుగు రోజులు రోడ్డుకే సరి. లక్ష్మీపూర్ మీదుగా అడ్డదారి ఉందంటారు. వానలు పడితే అందులో ఎడ్లబండి కూడా దిగబడుతుందట.

వారానికి రెండుసార్లు మీ విమానం మా ఇంటి మీంచే వచ్చి దిగుతుంది. బాల పలక పడేసి వీధిలోకి పరుగెత్తి, "మావయ్య విమానం, మావయ్య విమానం" అని గంతులేస్తుంది. తొమ్మిదేళ్ళొచ్చినా దానికి ఆ సరదా తీరలేదు. సీట్లు ఖాళీగానే వస్తున్నాయని అది దిగే మైదానం వాచ్‌మన్ చెప్పేడు. అక్కడి మైదానం నీ చేతిలోనే ఉంది కదా, మీ బావని ఒక్కసారి అందులో కూర్చోబెట్టలేవూ? ఆయన నోరు విడిచి అడిగే మనిషి కాదు. నేనడుగుతున్నాను.

కమలాంబని అడిగేనని చెప్పు.

మీ అక్క
విశాలాక్షి


కోరాపుట్,
14-9-1961

అక్కకి, నమస్కారం.

పెళ్ళయి వెళ్ళిన ఇన్నేళ్ళకి నన్నొకటి అడిగేవు. తీర్చకపోతే నేనెందుకు?

నాది పెద్ద ఉద్యోగం అనుకుంటున్నావేమో. మైదానంలోంచి పశువుల్ని తోలించడం, గాలి ఎటు వీస్తోందో తెలియడానికి గుడ్డసంచీ కట్టించడం, విమానం ఎన్నింటికి లేచిందో ఎన్నింటికి దిగిందో రిజిస్టర్లో రాయడం. అంతే. విమానం సర్వే కంపెనీ వాళ్ళది. నాలుగు సీట్లు. నడిపేవాడు జగ్గారావని విజయనగరం కుర్రాడు, ఇంకా ముప్ఫై నిండలేదు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది.

వాడు మొన్న మ్యాపు పరిచి చూపించేడు. మా మైదానం నించి మీ మైదానానికి గీత గీస్తే యాభై రెండు మైళ్ళట. గంటకి నూట ఇరవై మైళ్ళు పోతుంది కాబట్టి ఇరవై ఆరు నిమిషాలు. అక్కా, ఇరవై ఆరు నిమిషాలు! బావ రెండు రోజులు కక్కుకుంటూ వచ్చే దారి! కమలాంబ అన్నం వారుస్తూ ఉండగా ఇక్కడ లేస్తే, ఆ అన్నం చల్లారకముందే మీ ఊళ్ళో దిగుతాడు.

బయటివాళ్ళని ఎక్కించకూడదని రూలుంది. జగ్గారావు నామాట కాదనలేక ఒప్పుకున్నాడు. ఎవరితోనూ అనకు. బావ వచ్చే నెల ఫైళ్ళతో వచ్చినప్పుడు తిరుగు ప్రయాణం ఇందులోనే. 27వ తేదీ శుక్రవారం. పొద్దున్న తొమ్మిది గంటలకి ఇక్కడ లేస్తుంది. నువ్వూ బాలా తొమ్మిదింబావుకల్లా మైదానంలో ఉండండి.

నీ తమ్ముడు
అనంతపద్మనాభం


రాయగడ,
28-10-1961

అనంతం,

నీ టెలిగ్రాం అందింది. "విమానం రాలేదా" అని నువ్వు నన్నడిగితే నేనెవర్ని అడగను?

నిన్న మేము ఎనిమిదిన్నరకే మైదానానికి వెళ్ళేం. బాల కొత్త పరికిణీ కట్టుకుంది. ఇక్కడ పొద్దున్నించీ మబ్బు, సన్నగా తుంపర. తొమ్మిదిన్నరయింది, పది అయింది. చప్పుడు లేదు. వాచ్‌మన్ తాటాకు గొడుగు మాకిచ్చి, "మబ్బుకి అక్కడే ఆపేసుంటారమ్మా, రేపొస్తాడు బాబు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అయినా కాళ్ళు కదల్లేదు. రెండు గంటలదాకా నిలబడ్డాం. మీ బావకని తెచ్చిన మజ్జిగ చివరికి బాల తాగేసింది.

ఆయన అసలు ఎక్కేరా? చివరి నిమిషంలో మానేసి బస్సులో వస్తున్నారా? ఆయన భయస్తులు, నీకు తెలుసు. బస్సులో వస్తున్నారని రాయి, చాలు.

విశాలాక్షి


కోరాపుట్,
31-10-1961

అక్కా,

ఎలా రాయను? బావ ఎక్కేడు. సంతోషంగానే ఎక్కేడు. అద్దంలోంచి చెయ్యి ఊపేడు. విమానం తొమ్మిది గంటలకి లేచింది.

కటకం నించి ఆఫీసరు వచ్చి వెతికిస్తున్నారు. చాలా తెలివైనవాడు. లక్ష్మీపూర్ కొండల మీద తొమ్మిదిన్నర దాకా తెరిపిగానే ఉందనీ, ఆ తరవాతే ఒక్కసారిగా మబ్బు దిగిందనీ అక్కడి స్కూలు మాస్టారు చెప్పేడట. తొమ్మిదికి లేస్తే తొమ్మిదింబావుకల్లా ఆ కొండలు దాటిపోతుంది. కాబట్టి అక్కడ ఏమీ కాలేదు. మీ వైపు పొద్దున్నించీ మబ్బు ఉంది గనక మైదానం కనబడక, రాయగడ దాటి ఉత్తరానికి వెళ్ళి ఎక్కడో దిగి ఉంటుందని ఆఫీసరు తేల్చేడు. పోలీసులూ ఫారెస్టువాళ్ళూ అందరూ మీకు ఉత్తరాన ఉన్న కొండల్లోనే గాలిస్తున్నారు. దిగి ఉంటే బతికే ఉంటారు. జగ్గారావు నేర్పరి.

ఇక్కడ తుపాను వాన ఆగడం లేదు. ధైర్యంగా ఉండు. బాలని ఏడవనియ్యకు.

అనంతం


కోరాపుట్,
5-12-1961

అక్కా,

ఈ ఉత్తరంతో మీ మరిదిగారు వస్తున్నారు. ఆయన చెప్పేక దీన్ని విప్పు.

వెదుళ్ళకి వెళ్ళిన వాళ్ళకి విమానం కనబడింది. లక్ష్మీపూర్‌కి మూడు మైళ్ళ దూరంలో, కొండ పక్కన. నేను పోలీసులతో వెళ్ళేను. ముప్ఫై ఎనిమిది రోజులయింది. అక్కడే దహనం చేయవలసి వచ్చింది. మీ మరిదిగారే నిప్పు పెట్టేరు. నువ్వు రాలేదని బాధపడకు, చూడవలసినది కాదు.

ఒక్క సంగతి మాత్రం నమ్ము. బావ బాధపడలేదు. కొండకి తగిలిన క్షణంలోనే ఇద్దరూ పోయేరు. ఏం జరిగిందో తెలిసేలోపే అయిపోయింది.

దారి తప్పి వెనక్కి తిరిగి వచ్చి ఆ కొండని కొట్టుకున్నాడని ఆఫీసరు అంటున్నాడు. పైలట్ తప్పని రిపోర్టు రాస్తున్నారు.

నువ్విప్పుడు ఎక్కడికీ కదలకు. ఆ చోటు చూడాలని అనుకోకు.

అనంతం


రాయగడ,
30-12-1961

అనంతం,

అస్థికలు నాగావళిలో కలిపేరు. పన్నెండు రోజులూ అయ్యేయి. నాకు చెయ్యవలసినవన్నీ చేసేరు. బాల నా నుదురు చూసి రెండు రోజులు దగ్గరికి రాలేదు.

పోయిన తిథి ఏది అని పురోహితుడు అడిగితే ఆశ్వయుజ బహుళ చవితి అని చెప్పేం. విమానం ఎక్కిన రోజు. మాసికాలు ఆ తిథికే పెడుతున్నారు.

మొన్న ఒక ముసలావిడ వచ్చింది. రైలు దిగి దారి అడుగుతూ వచ్చిందట. ఎవరమ్మా అంటే, "జగ్గారావు తల్లిని" అంది. పేరు కోటేశ్వరమ్మ. లోపలికి రాకుండా గుమ్మంలోనే వంగి నా కాళ్ళు పట్టుకుంది. "మావోడు దారి తప్పేడంతన్నారు తల్లీ. నీ పసుపూ కుంకం మావోడు సేతిలో పోయేయి. సచ్చినోడ్ని నువ్వు తిట్టుకోకు, నన్ను తిట్టు" అని ఏడ్చింది.

తిట్టేను, అనంతం. దారి తెలియనివాడు ఎందుకెక్కించుకున్నాడని తిట్టేను. మంచినీళ్ళయినా ఇవ్వలేదు. ఆవిడ లేచి ఎండలో స్టేషన్‌కి నడిచిపోయింది. కంపెనీవాళ్ళు తప్పు కొడుకుదే గనక ఆవిడకేమీ రాదన్నారట. తరవాత తెలిసింది.

నీ ఉత్తరాలు ఎందుకు తగ్గిపోయేయి?

విశాలాక్షి


కోరాపుట్,
12-1-1962

అక్కా,

ఆఫీసులో పని ఎక్కువయింది, అందుకే రాయలేదు. కమలాంబకి ఒంట్లో బాగోలేదు.

ఆ ముసలావిడ గురించి బాధపడకు. ఎవరి రాత వాళ్ళది. రిపోర్టు పూర్తయింది, ఇంక ఆ సంగతులు తవ్వకు. బాలని బాగా చదివించు. నేనున్నాను.

అనంతం


రాయగడ,
4-2-1962

అనంతం,

పోయిన వారం పోలీసు జవాను మీ బావ సామాను మూట తెచ్చి ఇచ్చేడు. చెప్పుల జత, కళ్ళజోడు ఒక అద్దంతో, ఉత్తరీయం. ఆ ఉత్తరీయం నాలుగు పేలికలుగా చింపి ఉంది. పేలికలకి ముడులున్నాయి. ఎవరో కోసి విప్పేరు గానీ ముడులు అలాగే ఉన్నాయి. మీ బావ ముడి నాకు తెలీదూ? ఫైళ్ళకి కట్టినట్టు రెండు మెలికలు వేసి కడతారు.

క్షణంలో పోయిన మనిషి ఉత్తరీయం చింపుకుని ముడులు వేసుకుంటాడా?

మా మరిది వద్దన్నాడు. ఏడాదిలోపు గడప దాటకూడదన్నారు. బాలని తోడికోడలికి అప్పగించి, చింతపండు బస్తాలకి లక్ష్మీపూర్ వెళ్తున్న బాపిరాజుగారి లారీలో ముందు కూర్చుని వెళ్ళేను. ఇప్పుడు దారి ఎండింది. నాలుగు గంటల్లో చేరేం.

అక్కడి స్కూల్లో వేంకటరమణగారని మన తెలుగాయనే హెడ్‌మాస్టరు. ఆయన నన్ను కొండకింద పల్లెకి తీసుకువెళ్ళేడు. అక్కడ కుంతి అనే పరజ తెగ స్త్రీ ఉంది. నా ఈడుదే. నేను ఎవర్నో మాస్టారు చెప్పేక, చేస్తున్న పని పక్కనపెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వాళ్ళ దేశియా భాషలో చెప్తూ ఉంటే ఆయన తెలుగులో చెప్పేడు.

తుపాను మొదలైన రోజు కొండమీద పెద్ద చప్పుడయిందట. పిడుగనుకున్నారు. మర్నాటి నించి మబ్బులోంచి అరుపు వినబడిందట. పొద్దున్నా సాయంత్రం. అకాలంగా చచ్చినవాడి డుమా, అంటే దయ్యం, మనిషిని పిలుస్తోందని ఎవరూ పైకి వెళ్ళలేదట. పిల్లల్ని ఇళ్ళలోంచి కదలనివ్వలేదట. నాలుగు రోజులు విన్నారట. తరవాత ఆగిపోయిందట.

"ఏమని అరిచేడు?" అని నేనడిగేను. ఆమెకి తెలుగు రాదు. అర్థం తెలియకుండానే, విన్నది విన్నట్టు అంది.

"ఎవరేనా ఉన్నారా. ఎవరేనా ఉన్నారా."

మాస్టారు మొహం తిప్పుకున్నాడు. కుంతి మా ఇద్దర్నీ చూసి, తను అన్నదానికి అర్థమేమిటని అడిగింది. ఆయన చెప్పేడు. చెప్పేక ఆమె తన నోరు చేత్తో కొట్టుకుంది.

తిరిగి వస్తూ ఉంటే మాస్టారు ఇంకో మాట చెప్పేడు. "తొమ్మిదిన్నర దాకా కొండలు అద్దంలా ఉన్నాయమ్మా. అప్పటిదాకా ఏ విమానం చప్పుడూ లేదు. మబ్బు దిగేక, రెండో పీరియడు గంట కొట్టేక విన్నాను. ఆ మాట కూడా చెప్పేను. తిరిగి వచ్చినప్పటి చప్పుడు అయ్యుంటుందన్నారు" అన్నాడు. రెండో పీరియడు తొమ్మిదీ ముప్పావుకట.

అనంతం, ఆ విమానం ఎన్నింటికి లేచింది?

విశాలాక్షి


కోరాపుట్,
11-2-1962

అక్కా,

తొమ్మిదీ ముప్ఫై అయిదుకి.

మొత్తం రాస్తాను. ఆపకుండా రాస్తేనే రాయగలను.

ఆ రోజు పొద్దున్న బావ నాకు చెప్పకుండా బస్‌స్టాండుకి వెళ్ళిపోయేడు. తొమ్మిదికి విమానం సిద్ధంగా ఉంది, బావ లేడు. జగ్గారావుని ఆగమని చెప్పి సైకిలెక్కి వెళ్ళేను. సాలూరు బస్సులో కూర్చుని ఉన్నాడు. ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని, చేతిలో నిమ్మకాయ. "నాకొద్దురా అనంతం. నేలమీదయితే దిగి నోరు కడుక్కోవచ్చు. అక్కడ ఎక్కడ దిగుతాను?" అన్నాడు. బస్సులో అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. "అక్కా బాలా మైదానంలో నిలబడి ఉంటారు, వాళ్ళకేం చెప్పమంటావు?" అన్నాను. ఆ మాటకి దిగేడు.

మైదానానికి వచ్చేసరికి జగ్గారావు తూర్పు వైపు చూపించి, "ఆకాశం బాగోలేదండీ, రేపు వెళ్దాం" అన్నాడు. నేను వినలేదు. "ఇరవై ఆరు నిమిషాలే కదా" అన్నాను. నా మాట కాదనలేని కుర్రాడని నీకు రాసేనే, ఆ కుర్రాడే. బావ ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని ఎక్కేడు. చెయ్యి ఊపలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

రూలుకి విరుద్ధంగా మన మనిషికోసం విమానాన్ని అరగంట పైగా ఆపేనని తెలిస్తే ఉద్యోగం పోతుంది. అందుకని రిజిస్టర్లో 9-00 అని రాసేను. అది రాసేటప్పుడు విమానం క్షేమంగానే వెళ్తోందని అనుకున్నాను. ఇక్కడి వాచ్‌మన్ గున్నయ్యని నోరు మెదపొద్దన్నాను.

రెండు రోజుల తరవాత ఆఫీసరు వచ్చి మ్యాపు మీద పెన్సిలు పెట్టి, "తొమ్మిదికేనా?" అని అడిగేడు. అవునన్నాను. ఆయన పెన్సిలు లక్ష్మీపూర్ కొండలు దాటించి మీ ఊరికి పైన పెద్ద చుట్టు గీసేడు. తప్పు చోట వెతుకుతారని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. పోయి ఉంటారులే, ఎక్కడ వెతికితే ఏముందని నాకు నేను చెప్పుకున్నాను.

పోలేదు. జగ్గారావు సీట్లోనే పోయేడు. బావకి కాలు తొడ దగ్గర విరిగింది. రెండు వెదురు ముక్కలు పెట్టి ఉత్తరీయంతో కట్టుకున్నాడు. జగ్గారావు మొహం మీద తన కోటు కప్పేడు. విమానం రేకు మీద గీతలు గీసేడు. రోజుకొకటి. ఆరున్నాయి. ఇదంతా పోలీసుల పంచనామాలో ఉంది. ఒడియాలో ఉంది గనక నీదాకా రాలేదు. మీ మరిదిగారిని నీకు చెప్పొద్దని నేనే బతిమాలేను.

అక్టోబరు 31న నీకు ఉత్తరం రాసేనా? ఆ రోజు అయిదో గీత.

అనంతం


రాయగడ,
16-2-1962

నాకు రాస్తే చాలదు.

నిన్ను బస్సు దగ్గరికి పంపింది నేను అనుకోవచ్చు, ఆ సీటు అడిగింది నేనే కాబట్టి. భయస్తుణ్ణి బలవంతం చేసేవు, అది ప్రేమతో చేసేవు. ఆ రెండూ నేను మోస్తాను. ఆ తరవాత నాలుగు రోజులు నీకు నోరుంది. దాన్ని నేను మొయ్యలేను.

ఇప్పుడు రాసినదంతా ఆ ఆఫీసరుకి రాయి. జగ్గారావు రేపు వెళ్దాం అన్న మాట కూడా రాయి. నకలు నాకు పంపు. పంపేదాకా నాకు తమ్ముడు లేడు.

విశాలాక్షి


కోరాపుట్,
20-3-1962

అక్కా,

నకలు దీంతో ఉంది. అయిదు కాగితాలు. స్వయంగా కటకం వెళ్ళి ఇచ్చేను. ఆఫీసరు నా ఎదుటే చదివేడు. చదివి, గోడకున్న మ్యాపు దగ్గరికి వెళ్ళి, లక్ష్మీపూర్ మీద వేలు పెట్టేడు. "నలభై మందిని పెట్టుకుని నేను ఎక్కడ తిరిగేనో తెలుసా?" అన్నాడు. తిట్టలేదు. బయట కూర్చోమన్నాడు.

సస్పెండ్ చేసేరు. కేసు పెడతారట. కమలాంబ పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళేముందు, "వదినగారికి నా మొహం ఎలా చూపించను?" అంది, అంతే. గున్నయ్య దగ్గర కూడా వాంగ్మూలం తీసుకున్నారు. వాడికేమీ కాకుండా తప్పంతా నాదేనని రాసిచ్చేను.

పైలట్ మీద రాసిన మాట కొట్టేస్తామన్నారు.

నిన్ను క్షమించమని అడగను. అడిగే హక్కు ఉంటే కదా. ఒక్కసారి వచ్చి బాలని చూసి వెళ్ళనా?

అనంతం


రాయగడ,
9-4-1962

అనంతం,

నకలు తీసుకుని విజయనగరం వెళ్ళేను. కోటేశ్వరమ్మగారు ఒక పెంకుటింటి వెనక వసారాలో ఉంటున్నారు. నన్ను చూసి లేవబోతే పట్టుకుని కూర్చోబెట్టి, ఈసారి ఆవిడ కాళ్ళు నేను ముట్టుకున్నాను. చదవడం రాదు గనక నేనే చదివి వినిపించేను. ఆకాశం బాగోలేదండీ, రేపు వెళ్దాం అన్న చోట ఆపమంది. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

"మావోడికి దారి తెల్సు" అంది. "నాను సెప్తే ఎవలూ ఇనలేదు."

నిన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగేను.

తిథి మార్పించేను. ఇకనించి చవితి కాదు, నవమి. పురోహితుడు ఎందుకని అడిగితే, ఆయన ఆ రోజుదాకా ఉన్నారని చెప్పేను.

నువ్విప్పుడు రాకు. కోపంతో కాదు, కోపం ఎక్కడో అయిపోయింది. నువ్వు గుమ్మంలో నిలబడితే నీ వెనకాల మీ బావ ఉన్నారేమోనని చూస్తాను. ఆ చూపు పోయేక నేనే రాస్తాను. ఎన్నేళ్ళో తెలీదు. కమలాంబని వెళ్ళి తెచ్చుకో. ఆ పిల్లకి ఏ పాపమూ లేదు.

బాలకి చెప్పేసేను. దాచి పెంచితే రేపు ఇంకెవరో చెప్తారు. అది ఏడవలేదు. "నాన్న ఆరు రోజులు ఉన్నాడా?" అంది. ఉన్నారన్నాను. గోడకి చేరబడి కూర్చుని, "అప్పుడు మనం ఏం చేస్తున్నామే?" అని అడిగింది.

రోజూ మైదానానికి వెళ్ళేవాళ్ళం కదా, ఎదురు చూస్తున్నాం అన్నాను.

అందరూ వెతుకుతున్న ఉత్తరపు కొండల వైపు చూస్తున్నాం అని మాత్రం అనలేకపోయేను.

విశాలాక్షి